వేలిముద్రకు ముందు తెలియవలసిన మాట

ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడం బడిపిల్లల వ్యవహారమనీ, కార్మిక సంఘాల కార్యక్రమంలో దానికి చోటు లేదనీ భావించే మిత్రులు మనలో ఇప్పటికీ ఉన్నారు. ఆ అభిప్రాయంతో మేము ఏకీభవించడం లేదు. కూలి రేటు, పనిగంటలు, ప్రమాద పరిహారం, ఉద్యోగ భద్రత ఇవన్నీ నేడు ఇంగ్లీషు మాటల రూపంలోనే కాగితమెక్కి కార్మికుని చేతికి వస్తున్నాయి. ఆ మాటకు అర్థం తెలియనివాడు తన హక్కు ఎంతవరకున్నదో తెలుసుకోలేడు. తెలియని హక్కును అడగలేడు. కనుక దీనిని మేము కేవలం చదువు సమస్యగా గాక, కూలి సమస్యగా పరిగణిస్తున్నాము. సుక్మా జిల్లాను దృష్టిలో ఉంచుకొని ఈ విషయాన్ని చర్చించదలచాము.

2012 జనవరి 1న దంతెవాడ జిల్లా నుండి విడివడి ఏర్పడిన సుక్మా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి దక్షిణపు కొస. తూర్పున శబరి నదికి ఆవల ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా. దక్షిణాన కుంట దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, ఆపైన తెలంగాణలోని భద్రాచలం. జగదల్‌పూర్ నుండి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి సుక్మా, కుంటల మీదుగానే తెలుగు నేలకు దిగుతుంది. కుంట సంతలో తెలుగు మాట వినిపించని రోజుండదు. దోర్ల ప్రజల నుడిలో తెలుగు పాలు చాలా ఉన్నది.

ఈ జిల్లా కూలివాని భాషా జీవితాన్ని ఒక్కసారి పరిశీలించండి. ఇంట్లో గోండీ లేక దోర్లీ. సంతలో హల్బీ. బడిలో, కచేరీలో హిందీ. మిరపకాయల కోతకు ఖమ్మం, కొత్తగూడెం, ములుగు ప్రాంతాలకు వస్తే తెలుగు. బోరు బండ్ల మీద పనికి తమిళనాడు వెళ్తే తమిళం. ఇన్ని భాషల్లో పని చక్కబెట్టుకోగల మనిషిని మన జనాభా లెక్కలు 'నిరక్షరాస్యుడు' అని ఒక గడిలో వ్రాసి ఊరుకొంటాయి. భాషలు నేర్చే శక్తి అతనికి లేకపోలేదు. అతని కూలిని నిర్ణయించే భాషను మాత్రం ఎవరూ అతనికి పనిగట్టుకొని నేర్పలేదు.

ముందుగా వచ్చిన ఇంగ్లీషు ఏది?

సుక్మా పల్లెలకు ఇంగ్లీషు రాలేదనుకోవడం పొరపాటు. అది బడిపుస్తకం కంటే ముందే వచ్చింది. క్యాంపు, ఫోర్సు, సర్చింగ్, ఎన్‌కౌంటర్, సరెండర్, వారంటు, బెయిలు — ఈ మాటలు అక్షరం రాని ముసలివారికి కూడా తెలుసు. 2005లో సల్వా జుడుం మొదలైన తరువాత ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినాయి. కొందరు రోడ్డు పక్కనున్న క్యాంపులకు తరలించబడ్డారు. వేలాదిమంది సరిహద్దు దాటి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, వరంగల్లు జిల్లాల అడవుల్లో తలదాచుకొన్నారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలిచ్చి పోరుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ అల్లకల్లోల కాలంలో ఎన్నో పాఠశాలలు కూలిపోయినాయి, మూతబడినాయి. వాటి స్థానంలో వెదురుతో, తడికలతో కట్టిన ఆశ్రమ పాఠశాలలకు 'పోర్టా కేబిన్' అని పేరు వచ్చింది. అక్కడి ఒక తరం పిల్లలకు బడి అంటే పోర్టా కేబినే!

జిల్లాలోని బుర్కాపాల్ వద్ద 2017 ఏప్రిల్‌లో జరిగిన దాడి కేసులో అరెస్టయిన 121 మంది ఆదివాసులు దాదాపు ఐదేళ్లు విచారణ ఖైదీలుగా గడిపి, 2022 జులైలో నిర్దోషులుగా విడుదలైనారు. 'అండర్‌ట్రయల్' అనే మాటకు అర్థాన్ని ఆ కుటుంబాలు ఏ నిఘంటువులోనూ చూడనక్కరలేదు.

2020 మార్చిలో ఇంకొక మాట వచ్చింది: లాక్‌డౌన్. ఒక్క రాత్రిలో దేశమంతా నేర్చుకొన్న మాట అది. మిరప తోటల్లో చిక్కుకొన్న బస్తర్ కూలీలు బస్సులు లేక అడవి దారిన కాలినడకన బయలుదేరారు. ములుగు ప్రాంతపు తోటల నుండి పొరుగునున్న బీజాపూర్ జిల్లాకు నడుస్తూ పన్నెండేళ్ల ఆడకూలీ ఒకతె ఇల్లు చేరువలోనే ప్రాణం విడిచింది.

అంటే పాలకుల ఇంగ్లీషు ఆజ్ఞగా, నిర్బంధంగా ఈ ప్రాంతానికి ఎప్పుడో వచ్చింది. హక్కుగా, సమాచారంగా, బేరమాడే సాధనంగా రావలసిన ఇంగ్లీషు మాత్రం ఇంకా రాలేదు. మా వాదం ఈ రెండవ ఇంగ్లీషును గురించి.

మాట వెనుక కూలి

తునికాకు సంగతి తీసుకొందాం. వేసవిలో సుక్మా పల్లెల చేతికి నగదు ఇచ్చే పంట అదే. నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1964 చట్టంతో ఈ వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకొన్నది. రేటు 'స్టాండర్డ్ బ్యాగు'కు ఇంత అని ప్రకటిస్తారు. హిందీలో దానినే మానక్ బోరా అంటారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ఈ రేటును 4,000 రూపాయల నుండి 5,500 రూపాయలకు పెంచింది. బ్యాగు అన్నారు గదా అని అది కంటికి కనిపించే ఒక గోనెసంచి అనుకొంటే కూలీ మోసపోయినట్టే. స్టాండర్డ్ బ్యాగు అంటే 50 ఆకుల కట్టలు 1,000. అనగా 50,000 ఆకులు. ఈ లెక్క తెలిసిన స్త్రీ, కట్టకు ఐదున్నర రూపాయలు తనకు రావాలని కల్లం దగ్గర నిలబడి అడగగలదు. వందకు ఐదు కట్టలు 'షార్టేజి' క్రింద అదనంగా పెట్టమంటే 27 రూపాయల 50 పైసలు పోతున్నదని అప్పటికప్పుడే చెప్పగలదు. ఒక్క మాటకు అర్థం తెలియడం, తెలియకపోవడం మధ్య ఉన్న భేదం ఇది.

అలాగే 'బోనస్'. ఈ మాటను దొరగారిచ్చే దసరా ఇనాముగా అర్థం చేసుకొనేవారు చాలామంది ఉన్నారు. తునికాకు బోనస్ అనేది వ్యాపారంలో మిగిలిన లాభం నుండి సేకరణదారులకు చెందే వాటా. కార్ఖానా కార్మికునికైతే 1965 బోనస్ చట్టం కనీసం 8.33 శాతం నిర్ణయించింది. అది ఏడాదికి ఒక నెల జీతంతో సమానం. బోనస్ అంటే వాయిదా పడిన వేతనమే అని కార్మికోద్యమం దశాబ్దాలపాటు వాదించి సాధించుకొన్న హక్కు. ఇనాము రాకపోతే ఎవరూ అడగరు. వేతనం రాకపోతే అడుగుతారు. సుక్మా అటవీ విభాగంలో 2021, 2022 సీజన్ల తునికాకు బోనస్ సొమ్ము కోట్ల రూపాయల మేర పక్కదారి పట్టిందన్న ఆరోపణలపై 2025లో దర్యాప్తు జరిగి అరెస్టులు కూడా జరిగినాయి. ఆ ఫిర్యాదు పైకి వచ్చిందంటే, అది తమ సొమ్మేనని గ్రహించి అడిగినవారు ఉండబట్టే.

'అడ్వాన్సు' మరొక మాట. ముఠామేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సు సహాయంగా కనిపిస్తుంది. లెక్క చూసేనాటికి అది అప్పు అవుతుంది. అప్పు తీరేవరకు కదలడానికి వీలులేని కట్టుబాటు అవుతుంది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, అడ్వాన్సు పేరుతో మనిషిని పనికి కట్టివేయడాన్ని వెట్టిగానే గుర్తించింది. అడ్వాన్సు అనే మాట నేర్పేవారు ఆ చట్టాన్ని కూడా ఆ పూటనే చెప్పాలి.

ఇక అంగన్‌వాడీ, ఆశా సోదరీమణుల విషయం. వారికి లభించే డబ్బును వేతనం అనరు. 'ఆనరేరియం' అంటారు, 'ఇన్‌సెంటివ్' అంటారు. ఆశా అనే పేరులోనే చివరిమాట 'యాక్టివిస్టు'. గౌరవం, ప్రోత్సాహం, సేవ వంటి మంచి మంచి మాటలన్నీ కలిసి కనీస వేతనాన్ని ఎగవేశాయి. 2013లో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ ఈ పథకాల సిబ్బందిని కార్మికులుగా గుర్తించాలని సిఫారసు చేసింది. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ సిబ్బందికి చెల్లిస్తున్న ఆనరేరియం చట్టం దృష్టిలో వేతనమేననీ, వారికి 1972 చట్టం ప్రకారం గ్రాట్యుటీ చెల్లించాలనీ తీర్పు చెప్పింది. గుజరాత్‌కు చెందిన అంగన్‌వాడీ సిబ్బంది కోర్టులో పోరాడింది ఒక మాట అర్థాన్ని గురించి, గెలుచుకొన్నది గ్రాట్యుటీని.

పలుకుబళ్ల ముసుగు

విడిమాటలతో పని పూర్తికాదు. ప్రతి భాషకూ పలుకుబళ్లు ఉంటాయి. వాటి అర్థం మాటకు మాట పెట్టి చూస్తే దొరకదు. మనం 'చేతులెత్తేశాడు' అంటే వ్యాయామం చేశాడని కాదు. 'నీళ్లు నమిలాడు' అంటే దాహం తీరిందని కాదు. ఇంగ్లీషు కూడా అంతే. యాజమాన్యాలు చేదు విషయాలను చెప్పడానికి ఈ పలుకుబళ్లనే ఎంచుకొంటాయి.

'వుయ్ ఆర్ లెటింగ్ యు గో' అంటే పైకి చూస్తే వెళ్లడానికి అనుమతి ఇస్తున్నట్టు వినిపిస్తుంది. దాని అర్థం ఉద్యోగం ఊడిందని. 'గోల్డెన్ హ్యాండ్‌షేక్'లో బంగారమూ లేదు, స్నేహమూ లేదు. 1991 తరువాత ప్రభుత్వరంగ సంస్థల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పేర వేలాదిమందిని కొంత సొమ్ముతో ఇంటికి పంపిన పద్ధతికి అది ముద్దుపేరు. 'హైర్ అండ్ ఫైర్' ప్రాస బాగుంది కాని, ఇష్టమైనప్పుడు పెట్టుకొని, ఇష్టమైనప్పుడు తీసివేసే అధికారం అని దాని భావం. 'ఇన్ డ్యూ కోర్స్' అని జవాబు వస్తే సకాలంలో అని నిఘంటువు చెబుతుంది. కచేరీల చుట్టూ తిరిగినవారికి దానికి తగిన తెలుగు తెలుసు: 'రేపు రా' అని గోడమీద వ్రాసినట్టు. 'ఎట్ యువర్ ఓన్ రిస్క్' అంటే ప్రమాదం జరిగితే మా బాధ్యత లేదని. అయితే ఒక బోర్డు వ్రాసిపెట్టినంత మాత్రాన చట్టం విధించిన పరిహార బాధ్యత యజమానికి తప్పదని కూడా కార్మికుడు తెలుసుకోవాలి.

'ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్' అనే నాలుగు మాటల క్రింద వేలిముద్ర వేస్తే, రావలసినదంతా వచ్చింది, ఇక అడగబోను అని ఒప్పుకొన్నట్టుగా దానిని రేపు కోర్టులో చూపిస్తారు. ఓవర్‌టైము బాకీ, గ్రాట్యుటీ, గాయానికి పరిహారం అన్నీ ఆ నాలుగు మాటల క్రింద పూడ్చివేయడానికి ప్రయత్నిస్తారు. దీనికి విరుగుడు కూడా ఇంగ్లీషులోనే ఉన్నది: 'రిసీవ్డ్ అండర్ ప్రొటెస్టు'. సొమ్ము పుచ్చుకొన్నాను గాని లెక్కను అంగీకరించలేదు అని దాని తాత్పర్యం. రశీదు మీద ఈ మూడు మాటలు వ్రాసి సంతకం చేసినవాడు తన వివాదాన్ని సజీవంగా ఉంచుకొంటాడు. 'అభ్యంతరంతో తీసుకొన్నాను' అని తెలుగులోనో హిందీలోనో వ్రాసినా ప్రయోజనం అదే. వ్రాయవచ్చునని తెలియడమే ముఖ్యం.

కొన్ని మాటలు మన నోట ఒక అర్థంతో, కాగితం మీద మరొక అర్థంతో తిరుగుతాయి. పని 'ఫిక్స్' అయిందని మనం అంటే ఖాయమైందని అర్థం. 'ఫిక్స్‌డ్ టర్మ్ ఎంప్లాయిమెంట్' అని నియామకపత్రంలో ఉంటే మాత్రం ఫలానా తేదీన పని ముగిసిపోవడం ఖాయమని అర్థం! పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ తరహా నియామకానికి చట్టబద్ధత కల్పించింది. నగరాల్లో బండ్ల మీద భోజనం, సరుకులు చేరవేసే యువకులను కంపెనీలు 'పార్ట్‌నర్' అంటున్నాయి. భాగస్వామికి లాభంలో వాటా ఉండాలి గదా, ఏది?

ఒక మాట ఎంత బరువైనదో బస్తర్‌కు మరొకరు చెప్పనక్కరలేదు. నేటి సుక్మా కూడా భాగంగా ఉండిన నాటి అవిభక్త బస్తర్ జిల్లాలో, బైలడీలా ఇనుప ఖనిజ గనుల వద్ద 1978లో కాంట్రాక్టు కార్మికులకు 'రిట్రెంచ్‌మెంట్' అనే మాట వినిపించింది. గనిలో యంత్రాలు వస్తున్నాయి, చేతులు అక్కరలేదు అన్నది దాని సారాంశం. ఆ ఏప్రిల్‌లో కిరందూల్‌లో ఆందోళన చేస్తున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. అనేకులు ప్రాణాలు కోల్పోయారు. ఆ మాటకు చట్టంలో ఒక కట్టడి ఉన్నది: 'లాస్ట్ కమ్ ఫస్ట్ గో', అనగా చివర చేరినవారిని ముందు తీసివేయాలన్న సూత్రం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25-జి సెక్షన్ నుండి అది కొత్త కోడ్‌లోకి కూడా వచ్చింది. యజమానికి నచ్చనివారిని ఏరి తీసివేయకుండా కార్మికుని కాపాడే ఇంగ్లీషు అది.

కార్మికులు కన్న మాటలు

ఇంగ్లీషు అంతా యజమానుల సొత్తనుకోవడం కూడా సరికాదు. 'స్ట్రైక్' అనే మాట ఈ అర్థంలో 1768లో లండన్ రేవు నావికుల నుండి వచ్చిందని చెబుతారు. కూలి పెంపుదల కోరుతూ వారు ఓడల తెరచాపలను దించివేశారు. దించడాన్ని వారి పరిభాషలో స్ట్రైక్ అనేవారు. 1880లో ఐర్లండులోని కౌలురైతులు బాయ్‌కాట్ అనే భూస్వామి ఏజెంటును వెలివేసినప్పుడు ఆయన పేరే ప్రపంచభాషలన్నింటికీ ఒక పోరాట రూపంగా అందింది. మన ధర్నా, బంద్, ఘెరావ్ నేడు ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉన్నాయి. 'కూలీ' అనే మాట వెళ్లిన తీరు వేరు. దక్షిణ భారతంలో పనికి ఇచ్చే ప్రతిఫలమైన 'కూలి' నుండే అది పుట్టిందని పలువురి అభిప్రాయం. వలసపాలకుల నోట అది తోటలకు ఎగుమతి చేసే మనిషికి తక్కువచూపు పేరుగా మారింది. కనుక భాష ఎవరి పక్షాన పలుకుతుందన్నది వాడేవారి బలాన్ని బట్టి ఉంటుంది.

రెండు వాదాలు, మా సమాధానం

ఈ విషయంలో రెండు వాదాలు వినిపిస్తున్నాయి. మొదటిది: ఇంగ్లీషు పరాయి భాష, పాలకవర్గాల భాష; దానిని కార్మికులకు నేర్పడమంటే సొంత భాషను చిన్నబుచ్చడమే అని. ఈ వాదంలోని స్వభాషాభిమానాన్ని మేము గౌరవిస్తాము. గోండీని 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 30 లక్షల మంది మాట్లాడుతున్నారు. అయినా రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో దానికి చోటు లేదు. ఇది నిస్సందేహంగా అన్యాయం. అయితే కార్మికుడు ఇంగ్లీషు నేర్చుకోకుండా ఉన్నంత మాత్రాన గోండీకి న్యాయం జరగదు. ఆ అవకాశంతో కాంట్రాక్టరు లాభపడతాడు, అంతే. తాళం శత్రువు చేసినదైనా తాళంచెవి మన చేతిలో ఉండటం మేలు.

రెండవ వాదం: బడులన్నింటినీ ఇంగ్లీషు మాధ్యమం చేస్తే చాలు, అన్ని సమస్యలూ తీరిపోతాయని. ఛత్తీస్‌గఢ్‌లో 2020 నుండి స్వామి ఆత్మానంద్ ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలు వెలిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చుతూ జారీ అయిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ చర్చ ఎంత తీవ్రంగా సాగిందో తెలుగు పాఠకులకు తెలియనిది కాదు. తమ పిల్లలకు ఇంగ్లీషు కావాలని కోరే పేద తల్లిదండ్రుల ఆకాంక్షను మేము తప్పుపట్టము. ఉన్నవారి పిల్లలకు ఉన్నది లేనివారి పిల్లలకు ఎందుకు ఉండకూడదు? కాని ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం చెబుతున్నది. ఇంట్లో గోండీ మాట్లాడే పసివానికి హిందీయే పరాయి. దానిపైన ఇంగ్లీషు మాధ్యమం పెడితే వాడు రెండింటికీ చెడిన రేవడి అవుతాడు. పైగా మాధ్యమ వివాదం పిల్లలకు సంబంధించినది. ఈనాడు నలభై ఏళ్ల వయస్సులో మిరప తోటలో, ఇటుకబట్టీలో, బోరు బండి మీద ఉన్న కార్మికునికి ఆ వివాదం తేలేవరకు ఆగే వ్యవధి లేదు.

కనుక మేము చెప్పేది ఇది: ఇంగ్లీషును హోదాగా కాదు, పనిముట్టుగా నేర్పాలి. సొంత భాష ద్వారా నేర్పాలి. అదే సమయంలో కాగితాలను కార్మికుని భాషలోకి దించమని పోరాడాలి. ఈ రెండు పనులూ జోడెద్దుల వంటివి. ఒకదానిని విప్పి రెండవదానితోనే దున్నడం సాధ్యం కాదు.

చట్టం ఏమన్నది, ఏమి జరిగింది?

కార్మికునికి తెలిసిన భాషలో కాగితం ఇవ్వాలన్నది కొత్త కోరిక కాదు. 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, సంస్థ నిబంధనలను ఇంగ్లీషులోనూ, అధికసంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ బోర్డుపై ప్రదర్శించాలన్నది. 1948 ఫ్యాక్టరీల చట్టం నోటీసుల విషయంలో అదే చెప్పింది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. ప్రతి వలస కార్మికునికి ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలనీ, అందులో పని వివరాలు, కూలి రేటు, అడ్వాన్సులు హిందీ, ఇంగ్లీషులతో పాటు కార్మికుని సొంత భాషలో కూడా వ్రాయాలనీ శాసించింది. గోండీ మాట్లాడే కూలికి గోండీలో పాస్‌బుక్కు అన్నమాట! ఎంత ఉదాత్తమైన నిబంధన! అయితే అడవి దాటి పనికి వెళ్లిన మన కూలీల్లో అలాంటి పాస్‌బుక్కు కంట చూసినవారెవరు?

2025 నవంబరు 21న కేంద్రప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. పై మూడింటితో సహా 29 పాత చట్టాల స్థానాన్ని అవి ఆక్రమించాయి. స్టాండింగ్ ఆర్డర్ల వర్తింపుకు 100 మంది కార్మికులుండాలన్న పరిమితిని 300కు పెంచారు. అనగా వందలాది చిన్న, మధ్యతరహా సంస్థల్లో బోర్డు మీద నిబంధనలు పెట్టే బాధ్యతే తప్పిపోయింది. మరోవైపు ప్రతి ఉద్యోగికి నియామకపత్రం ఇవ్వాలని వృత్తి భద్రత కోడ్ చెబుతున్నది. మంచిదే. కాని ఆ పత్రం ఏ భాషలో ఉంటుంది? సుక్మా నుండి వచ్చిన యువకుని చేతిలో మూడు పేజీల ఇంగ్లీషు పత్రం పెట్టి సంతకం తీసుకొంటే, అది అతనికి రక్షణ కాదు; అతనిమీద సాక్ష్యం. నియామకపత్రం కార్మికునికి తెలిసిన భాషలో ఇవ్వాలనీ, సంతకానికి ముందు చదివి వినిపించాలనీ మన సమాఖ్య పట్టుబట్టవలసిన తరుణమిది.

ఎట్లా నేర్పాలి?

పనిచేసే మనిషికి 'ఏ ఫర్ యాపిల్' అని మొదలుపెట్టడం అతని తెలివిని అవమానించడమే. బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రేరే 1963లో అంజికోస్ అనే పట్టణంలో సుమారు 300 మంది శ్రామికులకు నలభై గంటల బోధనలో చదువు నేర్పాడు. ఆయన పద్ధతిలో కీలకం ఒకటే: 'ఇటుక' వంటి మాటలను, అనగా శ్రామికుల బ్రతుకులో ఉన్న మాటలనే పాఠంగా పెట్టడం, ఆ మాటల గురించి చర్చింపజేయడం.

అంత దూరం వెళ్లనక్కరలేదు. నెల్లూరు జిల్లాలో 1990 దశకారంభంలో సాక్షరతా ఉద్యమపు వాచకంలో సారా వల్ల కూలిన సంసారం కథను చదివిన దూబగుంట స్త్రీలు, చదవడంతో ఆగలేదు; సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పురవ్వ రాష్ట్రమంతటా అంటుకొని 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. అంతకు చాలా ముందే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాషను తాను నేర్చుకొని, వారికి వారి భాషలోనే బడులు నడిపి, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. నేర్పదలచినవాడు ముందు నేర్చుకోవాలన్నది ఆయన జీవితం చూపిన దారి.

ఈ అనుభవాల వెలుగులో మేము కొన్ని నిర్దిష్ట సూచనలు చేస్తున్నాము. మొదటిది, మన శాఖలు తమ ప్రాంతంలో కార్మికుల చేతికి వస్తున్న అసలు కాగితాలను సేకరించాలి. కూలి చీటీ, నియామకపత్రం, బ్యాంకు నోటీసు, ఆసుపత్రి చీటీ, ఫోనుకు వచ్చే సందేశం అన్నీ అందులో ఉండాలి. వాటిలో పదేపదే కనిపించే రెండువందల మాటలు, యాభై పలుకుబళ్లు ఏరితే అదే మన వాచకం. పెండింగ్, రిజెక్టెడ్, డిడక్షన్, బ్యాలెన్సు, ఇనాక్టివ్, ఓటీపీ — ఇవి తెలియక బ్యాంకు కిటికీ నుండి ఎందరు వెనుదిరుగుతున్నారో మనకు తెలుసు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదని తెలియక చెమటోడ్చిన సొమ్మును పోగొట్టుకొన్నవారూ ఉన్నారు.

రెండవది, ప్రతి మాటకూ గోండీ, దోర్లీ, హల్బీ, తెలుగు, హిందీ భాషల్లో వివరణ ఇవ్వాలి. పలుకుబడికి పలుకుబడే చెప్పాలి. సరైన సమయంలో పని చేయడాన్ని ఇనుము కాలినప్పుడే కొట్టాలి అని ఇంగ్లీషువాడు అంటాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మనమంటాము. ఇట్లా పోల్చి చెబితే నేర్చుకొనేవాడు తన భాషను తక్కువ చేసుకోడు.

మూడవది, ప్రతి మాట వెంట ఒక ప్రశ్న, ఒక హక్కు నేర్పాలి. 'డిడక్షన్' నేర్పినప్పుడు 'దేనికి కోసారు?' అని అడగడం నేర్పాలి. 'హజార్డ్', 'డేంజర్', 'హై వోల్టేజి' నేర్పినప్పుడు రక్షణ పరికరం లేకుండా పనిలోకి దిగనని చెప్పడం నేర్పాలి. రిగ్గు మీద పనిచేసేవారికి ఈ హెచ్చరిక మాటలు ప్రాణాలతో సమానం.

నాలుగవది, బోధకులను బయటినుండి తేనక్కరలేదు. పోర్టా కేబిన్లలో, ఆశ్రమ పాఠశాలల్లో చదివి పదవ తరగతి దాటిన యువతీ యువకులు నేడు ప్రతి పెద్ద గ్రామంలోనూ ఉన్నారు. వారికి సంఘం శిక్షణ ఇవ్వాలి. తరగతులు స్త్రీలకు వీలైన వేళల్లో జరగాలి. సంతరోజున జరిగే గంట తరగతికి వచ్చేవారు, దూరాన ఏర్పాటుచేసే వారంరోజుల శిబిరానికి రాలేరు.

ఐదవది, తునికాకు కల్లేదారులు కట్టల లెక్కను, రేటును, బోనస్ నియమాన్ని సేకరణదారుల భాషలో బోర్డుపై వ్రాసిపెట్టాలనీ, చదువురానివారికి వినిపించాలనీ డిమాండు చేయాలి.

ఇంతమాత్రాన దోపిడీ ఆగిపోతుందని మేము చెప్పడం లేదు. ఇంగ్లీషు బాగా వచ్చిన ఐటీ ఉద్యోగులను కూడా ఒక్క ఈమెయిలుతో ఇంటికి పంపివేస్తున్నారు. మాట తెలిసినంత మాత్రాన బలం రాదు. సంఘటిత శక్తి ఉంటేనే తెలిసిన మాటకు విలువ. అయితే చేతిలోని కాగితంలో ఏమున్నదో తెలియని సభ్యులు ఉన్న సంఘం, ప్రతి చీటీకీ నాయకుని ఇంటి చుట్టూ తిరిగే సంఘంగా మిగిలిపోతుంది. తమ కాగితం తామే చదువుకొనే సభ్యులు ఉన్న సంఘం నాయకుని లెక్క కూడా అడుగుతుంది. అటువంటి సంఘాన్నే మేము కోరుకొంటున్నాము.

వచ్చే తునికాకు సీజను మొదలయ్యేలోగా సుక్మా, కుంట ప్రాంతాల్లోనూ, సరిహద్దుకు ఇవతల చింతూరు, భద్రాచలం ప్రాంతాల్లోనూ ఉన్న మన శాఖలు ఈ వాచకానికి కావలసిన కాగితాల సేకరణ పూర్తిచేయాలని విజ్ఞప్తి చేస్తున్నాము. మిరప కోతకు వచ్చే కూలీలు మన ఊళ్లలో ఉన్న నెలల్లోనే తెలుగు శాఖలు వారిని కలుసుకోవాలి. వారి చేతిలోని చీటీని వారితో కలిసి చదవడంతో మన పని ప్రారంభం కావాలి.